గార్లండ్ వెల్డింగ్ దుకాణంలో నా ఎఫ్-150కి మార్చిన సైలెన్సర్: ఒక సమీక్ష

డాలస్ ఉత్తర శివారులో ఉంటూ, 2019 నాటి ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌ను నేను ఆరేళ్ళుగా నడుపుతున్నాను. దానిది 5.0 లీటర్ల వి8 ఇంజను, పది గేర్ల ఆటోమేటిక్, 3.55 నిష్పత్తి ఉన్న వెనక యాక్సిల్, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 3.55 చుట్లు తిరగాలి. షెర్మన్ దగ్గర మాకు మూడెకరాల స్థలం ఉంది. అక్కడికి నెలకు రెండుసార్లయినా చిన్న ట్రాక్టరును ట్రయిలర్ మీద ఎక్కించి లాక్కువెళ్ళడమే ఈ బండికి అసలు పని. బరువు లాగేటప్పుడు ఇంజను ఇంకొంచెం తేలికగా ఊపిరి తీసుకుంటే బాగుంటుందన్న ఆలోచనతో, కంపెనీ బిగించిన పొగగొట్టం తీసేసి వేరేది పెట్టించుకున్నాను. ఆ పని రెండు విడతలుగా జరిగింది. మొదటి విడత నేను కొని తెచ్చిన కిట్, రెండో విడత గార్లండ్‌లోని ఒక చిన్న వెల్డింగ్ దుకాణం ఆ కిట్‌కు చేసిన దిద్దుబాటు. ఈ సమీక్ష ముఖ్యంగా ఆ దుకాణం పనితనం గురించి. అయితే వాళ్ళు దిద్దినది ఏమిటో తెలియాలంటే కిట్ గురించి కూడా చెప్పక తప్పదు. ఇక్కడివాళ్ళు మఫ్లర్ అనే వస్తువును మనం చిన్నప్పటినుంచీ సైలెన్సర్ అనే పిలుస్తున్నాం కాబట్టి ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను.

ముందుగా బండి కింద ఏముందో చెబుతాను. ఇంజనుకు రెండు పక్కలా నాలుగేసి సిలిండర్ల నుంచి వచ్చే పొగ, పక్కకొకటి చొప్పున ఉన్న, పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ల గుండా వెళ్ళి, ఆ తరవాత ఒకే గొట్టంలో కలిసి, సైలెన్సర్ దాటి, కుడి వెనక చక్రం వెనకనుంచి బయటికి పోతుంది. కన్వర్టర్లకు ముందూ వెనకా ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. క్యాట్-బ్యాక్ మార్పు అంటే ఈ కన్వర్టర్లనూ సెన్సర్లనూ తాకకుండా, వాటి తరవాత ఉన్న గొట్టాన్నీ సైలెన్సర్‌నూ మాత్రమే మార్చడం. నేను కొన్నది 3 అంగుళాల వ్యాసంతో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో చేసిన కిట్. వెల 1,050 డాలర్లు అయింది. అందులోని సైలెన్సర్ లోపల అడ్డుగోడలు లేకుండా, చిల్లులున్న గొట్టం చుట్టూ వేడిని తట్టుకునే పీచు కూరిన తిన్నని రకం. గొట్టం వంపుల దగ్గర నొక్కుకుపోకుండా, లోపల అచ్చు పెట్టి వంచారు కాబట్టి వ్యాసం అంతటా ఒకేలా ఉంది. వస్తువు తయారీ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

బిగించడం మా ఇంటి ముందే, ఒక మిత్రుడి సాయంతో ఐదు గంటల్లో పూర్తి చేశాం. తుప్పు వదలగొట్టే నూనెను ముందురోజు రాత్రే బోల్టులకు పట్టించి ఉంచడం, గొట్టాన్ని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లకు సబ్బునీళ్ళు రాసి జార్చడం అనే రెండు జాగ్రత్తలు తీసుకుంటే ఈ పని ఎవరైనా చేసుకోగలరు. పాత సైలెన్సర్, తోకగొట్టం అతుకులేని ఒకే ముక్కగా ఉండటంతో దాన్ని ఇరుసు మీదుగా బయటికి లాగడం కుదరక రంపంతో కోయాల్సి వచ్చింది. కొత్తది ఎక్కించాక చూస్తే తోకగొట్టానికీ స్పేర్ టైరుకూ మధ్య ఖాళీ వేలెడంత కూడా లేదు. ట్రయిలర్ దీపాల తీగ కూడా ఆ పక్కనుంచే పోతుంది. వేసవిలో బరువు లాగేటప్పుడు ఆ గొట్టం ఎంత వేడెక్కుతుందో తెలిసినవారు ఎవరూ దాన్ని అలా వదిలేయరు. నేను తాత్కాలికంగా తీగను పక్కకు కట్టి, మిగతాది తరవాత చూద్దామనుకున్నాను.

ఊళ్ళో తిరిగినంతసేపూ ఆ శబ్దం నాకు ఎంతో నచ్చింది. ఇటువంటి వి8 ఇంజన్లలో ఒక్కో పక్కనున్న నాలుగు సిలిండర్లలో ఇంధనం సమానమైన వ్యవధిలో పేలదు. ఒక పక్కన వెంటవెంటనే రెండు పేలుళ్ళు పడి, తరవాత విరామం వస్తుంది. అమెరికన్ వి8కి ఉన్న ఆ గుడగుడ ధ్వని అక్కడినుంచే పుడుతుంది. కంపెనీ సైలెన్సర్ దాన్ని దాదాపు పూర్తిగా అణచివేస్తే, కొత్తది ఆ ధ్వనికి గొంతు ఇచ్చింది.

అసలు సంగతి 75వ నంబరు హైవే ఎక్కాక తెలిసింది. గంటకు 70 మైళ్ళ వేగంతో పదో గేరులో పోతుంటే ఇంజను నిమిషానికి 1,700 చుట్ల దగ్గర నిలుస్తుంది. సరిగ్గా అక్కడ క్యాబిన్ లోపల ఒక హోరు మొదలైంది. ఇక్కడి మెకానిక్కులు దీన్ని డ్రోన్ అంటారు. ఆ రోజు వెనక సీట్లో మా నాన్నగారు ఉన్నారు. తెనాలి దగ్గర పల్లెలో ముప్పై ఏళ్ళు ట్రాక్టరుతో సేద్యం చేసిన ఆయనకు ఇంజను శబ్దాలు కొత్త కాదు. మెకిన్నీ దాటకముందే ఆయన, "ఒరే అబ్బాయ్, ఇది చెవికి వినపడటం కాదురా, గుండెల్లో కొడుతోంది. ఆ అద్దం కాస్త దించు" అన్నారు. నేను అద్దం నాలుగు వేళ్ళు దించగానే హోరు చాలావరకు తగ్గింది, ఎత్తగానే మళ్ళీ వచ్చింది. "అయితే తప్పు గొట్టంలోనే కాదు, ఈ గదిలో కూడా ఉంది" అన్నారాయన. తరవాత నేను తెలుసుకున్నదాన్నిబట్టి అది పూర్తిగా సరైన నిర్ధారణ.

దీని వెనకున్న లెక్క సులువైనదే. నాలుగు స్ట్రోకుల ఎనిమిది సిలిండర్ల ఇంజనులో ఒక చుట్టుకు నాలుగు పేలుళ్ళు జరుగుతాయి. నిమిషానికి 1,700 చుట్లంటే సెకనుకు 28కి పైగా చుట్లు, అంటే సుమారు 113 పేలుళ్ళు. కాబట్టి గొట్టం చివరనుంచి 113 హెర్ట్జ్ ధ్వని ఎడతెగకుండా వస్తూ ఉంటుంది. మూసిన క్యాబిన్‌లోని గాలి తనకు అనువైన అలాంటి తక్కువ పౌనఃపున్యాలను పట్టుకుని పెంచుతుంది. అద్దం దించితే ఆ గది స్వభావమే మారిపోతుంది. తిన్నని సైలెన్సర్లలోని పీచు ఎక్కువ పౌనఃపున్యాల కీచు ధ్వనులను బాగా పీల్చుకుంటుంది కానీ, ఇంత లోతైన ధ్వనిని పట్టుకునే శక్తి దానికి చాలా తక్కువ, పైగా సైలెన్సర్ పొట్టిదైతే ఆ శక్తి దాదాపు లేనట్టే. నా కిట్‌లో ఉన్నది 14 అంగుళాల పొట్టి సైలెన్సర్. కొనేటప్పుడు నేను గొట్టం వ్యాసాన్నీ స్టీలు రకాన్నీ చూశాను తప్ప సైలెన్సర్ పొడవును పట్టించుకోలేదు. కొనబోయేవారు మొట్టమొదట చూడవలసింది దాన్నే.

ఫోనులోని డెసిబెల్ యాప్‌ను నమ్మి మోసపోవద్దని కూడా ఇక్కడ చెప్పాలి. చాలా యాప్‌లు మనిషి చెవి తీరుకు తగినట్టుగా తక్కువ పౌనఃపున్యాలను తగ్గించి లెక్కిస్తాయి. 100 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 19 డెసిబెల్స్ దాకా ఉంటుంది. అందువల్ల తలనొప్పి తెప్పించే హోరు కూడా తెర మీద చిన్న పెరుగుదలగానే కనబడుతుంది. ఆ తగ్గింపు లేని సి-కొలతకు మార్చి చూసినప్పుడే దాని నిజమైన బలం తెలుస్తుంది.

ఈ సమస్యతో నేను మొదట వెళ్ళిన దుకాణంలో, బండిని కనీసం నడిపి కూడా చూడకుండా, వారం రోజుల్లో అలవాటైపోతుందని చెప్పి పంపేశారు. షెర్మన్ వెళ్ళిరావడానికి రెండున్నర గంటలు ఈ హోరులో కూర్చునే మనిషికి చెప్పవలసిన జవాబు అది కాదు. ఆ తరవాతే ఒక సహోద్యోగి మాట మీద గార్లండ్‌లోని ఈ దుకాణానికి వెళ్ళాను. బోర్డు మీద మఫ్లర్లు, బ్రేకులు అని తప్ప ఇంకేమీ రాసి ఉండదు. రెండు లిఫ్టులు, ఒక గొట్టం వంచే యంత్రం, అరవై దాటిన యజమాని, ఆయన కొడుకు. అంతే.

యజమాని అడిగిన మొదటి ప్రశ్న, హోరు ఏ వేగం దగ్గర, ఏ గేరులో, ఎన్ని చుట్ల దగ్గర వస్తోందని. రెండోది, నేను ట్రయిలర్ లాగుతానా అని. ఆ తరవాత కొడుకును నా పక్కన కూర్చోబెట్టి 635 హైవే మీదికి పంపారు. అతను ఫోనులో ధ్వనిని పౌనఃపున్యాలుగా విడదీసి చూపే యాప్ తెరిచి, 110కీ 115కీ మధ్య నిటారుగా లేచిన ఒకే ఒక్క శిఖరాన్ని నాకు చూపించాడు. నేను కాగితం మీద వేసిన లెక్క, అతని ఫోను తెర ఒకే మాట చెప్పడం చూసినప్పుడే నాకు వాళ్ళ మీద గురి కుదిరింది.

వాళ్ళు చేసినవి మూడు పనులు. పొట్టి సైలెన్సర్ తీసేసి, అదే తిన్నని రకంలో 24 అంగుళాల పొడవున్నదాన్ని పెట్టారు. తోకగొట్టాన్ని కోసి, కోణం మార్చి మళ్ళీ అతికి, స్పేర్ టైరుకు మూడు వేళ్ళ దూరం వచ్చేలా చేసి, తీగ ఉన్న వైపు ఒక వేడి కవచం బిగించారు. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రధాన గొట్టానికి పక్కనుంచి ఒక మూసిన కొమ్మగొట్టం కలపడం.

ఈ కొమ్మగొట్టం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పనితనం అంతా కనబడింది అక్కడే. ఖాళీ సీసా మూతి మీద ఊదితే అది తనకు తగిన ఒకే స్వరంలో పలుకుతుందని మనందరికీ తెలుసు. ఒక చివర మూసిన గొట్టం కూడా ముఖ్యంగా తన పొడవుకు తగిన ఒక స్వరానికి స్పందిస్తుంది. ఆ గొట్టాన్ని పొగ పోయే దారికి పక్కన తగిలిస్తే, ఆ స్వరపు తరంగం లోపలికి వెళ్ళి, మూసిన చివర తగిలి, సగం అల ఆలస్యంగా తిరిగివచ్చి, అప్పుడే వస్తున్న తరంగానికి ఎదురుపడి దాన్ని రద్దు చేస్తుంది. అందుకు గొట్టం పొడవు ఆ ధ్వని అలలో సరిగ్గా నాలుగో వంతు ఉండాలి. మామూలు గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు కాగా, వేడి పొగలో అది బాగా పెరిగి 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర 480 మీటర్ల దాకా వెళుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రధాన గొట్టంలోని పొగ ప్రవహిస్తూ ఉంటుంది కాబట్టి వేడిగా ఉంటుంది, కొమ్మగొట్టంలోని గాలి కదలదు కాబట్టి దానికంటే చల్లగా ఉంటుంది, ఎంత చల్లగా అన్నది బండిని బట్టి, వాతావరణాన్ని బట్టి మారుతుంది. పుస్తకంలోని ఆ 480 మీటర్ల వేగంతో లెక్కవేస్తే పొడవు 106 సెంటీమీటర్లు రావాలి. యజమాని ఆ లెక్క ప్రకారం కోసి వెల్డింగ్ చేసేయలేదు. ఒకదాని లోపల ఒకటి జారే రెండు గొట్టాలను క్లాంపుతో బిగించి, నన్ను హైవే మీదికి పంపి, తిరిగివచ్చాక రెండేసి అంగుళాలు జరిపి, ఇలా నాలుగుసార్లు చేశారు. 95 సెంటీమీటర్ల దగ్గర హోరు దాదాపు మాయమైంది. అప్పుడు మాత్రమే ఆయన వెల్డింగ్ టార్చి వెలిగించారు. సాయంత్రం ఐదున్నరకు మూయవలసిన దుకాణం ఆ రోజు ఏడింటిదాకా తెరిచే ఉంది.

ఫలితం నేను ఆశించినదానికంటే బాగుంది. 70 మైళ్ళ వేగం దగ్గర సి-కొలతలో కిట్‌తో వచ్చిన మోతకంటే ఇప్పుడు 9 డెసిబెల్స్ తక్కువగా ఉంది, కంపెనీ సైలెన్సర్‌తో ఉన్నదానికంటే 2 మాత్రమే ఎక్కువ. గట్టిగా తొక్కినప్పుడు, ట్రయిలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఆ నిండైన వి8 గొంతు వినబడుతుంది. కొమ్మగొట్టం ముఖ్యంగా ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుంటుంది కాబట్టి ట్రయిలర్‌తో ఎనిమిదో గేరులో 2,200 చుట్ల దగ్గర పోతున్నప్పుడు కొద్దిపాటి మోత ఇంకా ఉంది. కానీ అక్కడ ఎక్కువసేపు ఉండం. ఆ తరవాతి వారం నాన్నగారు షెర్మన్ దాకా నిద్రపోయారు. యాప్ కొలతల కంటే నాకు అదే ఎక్కువ తృప్తినిచ్చింది.

ఇక శక్తి సంగతి. ఈ మార్పు చేయించుకునేవారిలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇదే కాబట్టి తప్పించుకోకుండా జవాబు చెబుతాను. ఈ ఇంజనుకు ఫోర్డ్ చెప్పే శక్తి 395 హార్స్‌పవర్. అది ఇంజను దగ్గరి లెక్క. చక్రాల దగ్గర కొలిచే డైనో మీద నా బండి మార్పుకు ముందు 341, కిట్‌తో 346, గార్లండ్ పని తరవాత 345 చూపించింది. ఒకే బండిని ఒకే రోజు వరసగా మూడుసార్లు ఎక్కించినా మూడు నాలుగు హార్స్‌పవర్ తేడా రావడం మామూలే. కాబట్టి ఈ నాలుగైదు నిజమే అయినా కాలికి తెలిసేంత కాదు, పైగా అవి 5,500 చుట్లు దాటిన తరవాతే కనబడ్డాయి. ట్రయిలర్ లాగేటప్పుడు మనం ఉండే 2,000 నుంచి 3,000 చుట్ల మధ్య, మార్పుకు ముందూ తరవాతా డైనో గీసిన టార్క్ (తిప్పే బలం) గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఇంధనం ఖర్చులో కూడా తేడా ఏమీ లేదు. కారణం ఏమిటంటే, ఈ కాలపు కంపెనీ సైలెన్సర్లు పొగకు పెద్దగా అడ్డుపడవు. ఇంజనుకు దగ్గరగా ఉండి సిలిండర్ల పొగను పోగుచేసే మ్యానిఫోల్డులు, కన్వర్టర్లే ఎక్కువ అడ్డు. ఇంజనుకు వెనక ఒత్తిడి, అంటే బయటికి పోయే పొగకు గొట్టంలో ఎదురయ్యే అడ్డు, అవసరమని కొందరు చెప్పే మాటలో కూడా నిజం లేదు. ఇంజనుకు కావలసింది పొగ వేగంగా, ఊపు తగ్గకుండా పోవడం, అందుకే అవసరానికి మించి లావుగా ఉన్న గొట్టం పెడితే కింది చుట్లలో లాగే బలం తగ్గే అవకాశం ఉంటుంది. 3 అంగుళాలు చాలని, 3.5 వద్దని గార్లండ్ యజమాని చెప్పింది అందుకే.

బరువు లాగడమే మీ అవసరమైతే నా సలహా వేరు. ఎఫ్-150లో యాక్సిల్ నిష్పత్తి 3.31 ఉన్న బండికీ 3.73 ఉన్న బండికీ చక్రం దగ్గరి టార్క్‌లో దాదాపు 13 శాతం తేడా ఉంటుంది. బరువు లాగే చుట్లలో ఏ సైలెన్సర్ కూడా అంత తేడా తేలేదు. టర్బో ఉన్న 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజను ఉన్నవారికి మాత్రం లాభం కొంచెం ఎక్కువగా ఉండవచ్చు, ఎందుకంటే పొగ ఊపుతో తిరిగే టర్బైను తరవాత ఒత్తిడి తగ్గితే అది తొందరగా తిరుగుతుంది.

శక్తి కోసం కన్వర్టర్లనే తీసేయించాలనుకునేవారు ఉన్నారు. నేను కూర్చుని ఉండగానే అలా అడిగిన ఒక మనిషిని ఈ యజమాని మర్యాదగానే, కానీ మారు మాటకు తావు లేకుండా వెనక్కి పంపారు. స్వచ్ఛమైన గాలి కోసం ఉన్న ఫెడరల్ చట్టం దాన్ని నిషేధిస్తుంది, బండి యజమానికీ దుకాణానికీ కూడా. టెక్సస్ రాష్ట్రం మామూలు బండ్ల వార్షిక భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తివేసింది కానీ, డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్ సహా కొన్ని కౌంటీల్లో పొగ పరీక్ష ఇంకా ఉంది. కన్వర్టర్ లేని బండి అక్కడే దొరికిపోతుంది. సక్రమంగా పనిచేసే సైలెన్సర్ ఎప్పుడూ ఉండాలని, దాన్ని దాటవేసే ఏర్పాటు ఉండకూడదని రాష్ట్ర చట్టం కూడా చెబుతుంది. డీజిల్ పికప్‌లలో మసి వడపోత తీసేయడం ఇంతకంటే పెద్ద తప్పు. పదేళ్ళలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌లలో కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించారని 2020లో అమెరికా పర్యావరణ సంస్థ అంచనా వేసింది. ఆ మసి పీల్చేది మన పిల్లలే కాబట్టి, ఈ విషయంలో నా మాట ఎవరికైనా కఠినంగా అనిపించినా మార్చుకోను. క్యాట్-బ్యాక్ మార్పుకు ఈ చిక్కులేవీ లేవు. వారంటీ గురించి భయపడేవారు 1975 నాటి మ్యాగ్నసన్-మాస్ చట్టాన్ని గుర్తుంచుకోవాలి. బయటి భాగం బిగించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయడం కుదరదు, ఆ భాగం వల్లే నష్టం జరిగితే మాత్రం ఆ మరమ్మతుకు వర్తించదు.

స్టీలు గురించి ఒక్క మాట. మంచు మీద ఉప్పు చల్లడం అరుదైన ఉత్తర టెక్సస్‌లో చవకైన 409 రకం కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పైన ఎర్రటి తుప్పు పొర మాత్రం వస్తుంది. నేను 304కు పెట్టిన అదనపు డబ్బు ఇక్కడి వాతావరణానికి అవసరం లేనిది. మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళు మాత్రం 304కే వెళ్ళాలి, ఉప్పు నీళ్ళు మొదట తినేది ఈ గొట్టాన్నే.

గార్లండ్ దుకాణం సైలెన్సర్‌తో, కూలితో కలిపి 430 డాలర్లు తీసుకుంది. నాలుగుసార్లు హైవే మీద పరీక్షించినందుకు విడిగా ఏమీ అడగలేదు. లోపాలు కూడా చెప్పాలి. కార్డు తీసుకోరు, ఫోను ఎత్తరు, శనివారం ఉదయం ఎనిమిదికల్లా వెళ్ళి వరసలో నిలబడాల్సిందే. వెల్డింగ్ అతుకులు గట్టివే కానీ చూడటానికి అందంగా ఉండవు. ఐదువందల మైళ్ళ తరవాత క్లాంపులు మళ్ళీ బిగించుకోవాలన్న సంగతి నేను అడిగితే తప్ప చెప్పలేదు.

ఒక సమస్య మాత్రం మిగిలి ఉంది. చలి ఉదయాల్లో బండి తీయగానే కన్వర్టర్లు తొందరగా వేడెక్కడం కోసం ఇంజను మొదటి నిమిషం 1,200 చుట్ల దగ్గర తిరుగుతుంది, ఆ మోత పక్కింటి పడకగది కిటికీ దాకా పోతోంది. పక్కింటివారికి రెండు నెలల పాప ఉంది. తోకగొట్టంలో చిన్న రెజొనేటర్ ఒకటి పెడితే అది కూడా తగ్గుతుందని, 160 డాలర్లు అవుతుందని యజమాని చెప్పారు. వచ్చే శనివారం ఉదయం ఎనిమిదికి వెళుతున్నాను. అప్పటిదాకా బండిని వీధి చివర పెడుతున్నాను.